సోమవారం పొద్దున మాత్రమే వచ్చే లోపం

సోమవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఫోను మోగింది. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటరులో పనిచేసే ఆమె చేశారు. "సార్, ఓపీ చీటీ రావడం లేదు. పేరు, వయసు ఎక్కించి బటన్ నొక్కితే డేటాబేస్ లాగిన్ విఫలమైందని వస్తోంది. బయట వరుస గేటు దాకా ఉంది" అన్నారు. పరగడుపున రక్తపరీక్షకు వచ్చానని, ఇంకెంతసేపు నిలబడాలని ఎవరో పెద్దాయన అడుగుతున్న మాటలు ఆమె గొంతు వెనక నుంచి వినిపిస్తూనే ఉన్నాయి.

ఆ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే చిన్న బృందంలో డేటాబేస్ బాధ్యత నాది. ఆదివారం ఓపీ ఉండదు కనుక సోమవారం రెండు రోజుల రోగులు ఒకేసారి వస్తారు. చీటీ చేతికి రానిదే డాక్టరు గదికి పిలుపు రాదు, ల్యాబులో నమూనా తీసుకోరు, మందుల బిల్లు పడదు. ఆమె గీతల నోటుపుస్తకం తెరిచి, వరుస సంఖ్య వేసి, చీటీలు చేత్తో రాయడం మొదలుపెట్టారు. ఆ నోటుపుస్తకంలోని పేర్లన్నీ మధ్యాహ్నం మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఆ పని కూడా ఆమెదే.

మూడు సోమవారాలు వరుసగా ఇలాగే జరిగింది. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒక్క ఫిర్యాదు లేదు. ఆ మూడు వారాల్లో నేను ఏం చూశానో, ఏం చూడకుండా వదిలేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పాత యంత్రంలో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, వెర్షన్ 5.7, ఉండేది. 2023 అక్టోబరుతో ఆ వెర్షన్‌కు మద్దతు ముగిసింది. ఇక మీదట భద్రతా లోపాలు బయటపడినా వాటికి సవరణలు రావు. రోగుల వివరాలు ఉన్న చోట దాన్ని అలా వదిలేయడం నాకు మనస్కరించలేదు. కొత్త యంత్రం తెప్పించి, 8.0 ఎక్కించి, ఒక శనివారం రాత్రి డేటాను డంప్ తీసి, అంటే మొత్తం ఒక ఫైలులోకి రాయించి, తరలించాము. ఖాతాలను మాత్రం డంపులోంచి తీసుకోలేదు. పాతవాటిలో సగం ఎవరు వాడుతున్నారో చెప్పగలిగినవారు లేరు. అవసరమైనవి లెక్క చూసుకుని కొత్తగా సృష్టించాము. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే లోపానికి మొదలు కూడా అక్కడే ఉంది.

శనివారం రాత్రే ఒక లాగిన్ ఎర్రర్ ఎదురైంది. అది వేరే లోపం. అయినా దాన్ని ముందు చెప్పాలి, ఎందుకంటే దాని ప్రభావంతోనే సోమవారం వచ్చినదాన్ని నేను తప్పుగా చదివాను.

అప్లికేషన్ నడిచే యంత్రం నుంచి కనెక్ట్ అవుతుంటే 1045 వచ్చింది. యాక్సెస్ డినైడ్, అంటే ప్రవేశం నిరాకరణ. మైఎస్‌క్యూఎల్‌తో పనిచేసే ప్రతివారికీ పరిచయమున్న సంఖ్య అది. ఖాతా నేనే సృష్టించాను, పాస్‌వర్డ్ నేనే పెట్టాను, అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. సందేశం చివర పాస్‌వర్డ్ వాడారా అన్నదానికి 'అవును' అనే ఉంది. ఆ చిన్న పదాన్ని చాలామంది చదవరు. అక్కడ 'కాదు' అని ఉంటే పాస్‌వర్డ్ అసలు సర్వర్ దాకా రాలేదని అర్థం. కాన్ఫిగరేషన్ ఫైలు చదవకపోయి ఉండవచ్చు, లేదా పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉండవచ్చు. 'అవును' అని ఉంటే వచ్చింది గానీ కుదరలేదు. సర్వర్ తన లోపాలను రాసుకునే ఫైలులో, అంటే ఎర్రర్ లాగులో, చూస్తే ఏమీ లేదు. 8.0లో లాగు వివరాల స్థాయి మామూలుగా 2 ఉంటుంది, నిరాకరించిన లాగిన్లు అందులో పడవు. 3కు పెంచితేనే నమోదవుతాయి. పెంచాను. అదే సందేశం అక్కడా కనిపించింది, అంతకు మించి ఏమీ లేదు.

మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ చోటూ కలిసి ఒక ఖాతా. 'ఓపీయాప్' అనే పేరుతో ఎక్కడి నుంచైనా రావచ్చని శాతం గుర్తు పెట్టి నేను ఒక ఖాతా చేశాను. అంతకు రెండు రోజుల ముందు నా సహోద్యోగి పరీక్షల కోసం అదే పేరుతో, 192.168.1 తో మొదలయ్యే చిరునామాలకు మాత్రమే చెల్లేలా ఇంకొకటి చేసి ఉన్నారు. దాని పాస్‌వర్డ్ వేరు. ఎవరైనా తలుపు తట్టినప్పుడు సర్వర్ ఖాతాల జాబితాను చోటు ఎంత కచ్చితంగా ఉందన్న వరుసలో పేర్చుకుని పైనుంచి చూస్తుంది. మొదట ఏది కుదిరితే అదే మన ఖాతా. ఆ ఖాతా పాస్‌వర్డ్ సరిపోకపోతే కిందికి వచ్చి రెండోదానితో పోల్చి చూడదు. నా పాస్‌వర్డ్ సరైనదే, కానీ సర్వర్ నన్ను చూస్తున్నది వేరే వరుసలో.

పైగా ఎర్రర్ సందేశంలో కనిపించే చోటు మనం వచ్చిన యంత్రం చిరునామా, సర్వర్ ఎంచుకున్న ఖాతా వరుస కాదు. అందుకే ఆ సందేశాన్ని ఎన్నిసార్లు చదివినా ఖాతాలు రెండున్నాయని స్ఫురించదు. ఎలాగో లాగిన్ కాగలిగితే యూజర్(), కరెంట్_యూజర్() అనే రెండు ఫంక్షన్లను పక్కపక్కన అడగాలి. మొదటిది మనం ఎవరమని చెప్పుకున్నామో చూపిస్తుంది, రెండోది సర్వర్ మనల్ని ఎవరిగా లెక్కగట్టిందో చూపిస్తుంది. లాగిన్ కాలేనప్పుడు అడ్మిన్ ఖాతాతో వెళ్లి మైఎస్‌క్యూఎల్.యూజర్ పట్టికలో ఆ పేరుతో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టాలి. నాకు రెండు కనిపించాయి. శాతం గుర్తు ఖాతాను తీసేసి, చిరునామా పరిమితి ఉన్నదాన్ని ఉంచి, దానికి సరైన పాస్‌వర్డ్ పెట్టాను. బ్యాకప్, నివేదికల కోసం డేటాబేస్ యంత్రంలోనే వాడుకోవడానికి అదే పేరుతో లోకల్‌హోస్ట్ ఖాతా ఒకటి విడిగా చేశాను. రాత్రి రెండింటికి అంతా నడిచింది. ఆదివారం రోజంతా అత్యవసర విభాగం ఇబ్బంది లేకుండా వాడుకుంది.

ఆదివారం రాత్రి పదకొండు గంటలకు మా బ్యాకప్ పని మొదలవుతుంది. సర్వర్‌ను ఆపి, డేటా ఫోల్డరును మొత్తంగా నకలు తీసి, మళ్లీ నడిపిస్తుంది. అరగంట పని. పాత యంత్రంలో ఏళ్ల తరబడి ఇలాగే జరిగింది.

మొదటి సోమవారం ఫోను రాగానే నా మనసు 1045 దగ్గరే ఉంది. ఆసుపత్రి నెట్‌వర్కులోకి వెళ్లి, అప్లికేషన్ యంత్రం తెరిచి, అదే ఖాతాతో, అదే పాస్‌వర్డుతో, ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైను నుంచి లాగిన్ అయ్యాను. వెంటనే లోపలికి వెళ్లింది. కరెంట్_యూజర్() చూశాను, సరైన ఖాతాయే. ఏమీ మార్చకుండా ఫోను చేసి ఇప్పుడు ప్రయత్నించమన్నాను. "వస్తోంది సార్" అన్నారు. నెట్‌వర్క్ కాసేపు తెగి ఉంటుందని రాసి ఫిర్యాదును మూసేశాను. ఆ మాటకు నా దగ్గర ఆధారం ఏదీ లేదు.

రెండో సోమవారం నేను ప్రయాణంలో ఉన్నాను. సహోద్యోగి చూసుకున్నారు. లాగిన్ విఫలమంటే పాస్‌వర్డ్ అనుకోవడం సహజం. ఆయన పాస్‌వర్డ్ మార్చి, ఖాతాల వివరాలను మళ్లీ చదవమని సర్వర్‌కు చెప్పే ఫ్లష్ ప్రివిలెజెస్ ఇచ్చి, అప్లికేషన్ కాన్ఫిగరేషన్‌లో కొత్త పాస్‌వర్డ్ రాసి, అప్లికేషన్‌ను ఆపి మళ్లీ నడిపించారు. రాలేదు. కొత్త పాస్‌వర్డ్ సరిగా పడిందో లేదో చూద్దామని అప్లికేషన్ యంత్రం నుంచే కమాండ్ లైనులో లాగిన్ అయ్యారు. అయింది. ఆ తరువాతి నిమిషంలో కౌంటరులో కూడా పనిచేసింది. పాస్‌వర్డ్ మార్చడం వల్ల సరిపోయిందని నివేదిక రాశారు. చదివి నేనూ ఒప్పుకున్నాను. ఆయన చేసిన ఏడెనిమిది పనుల్లో రోగం కుదిర్చింది ఏదో మాకు తెలియదు, అయినా పెద్దదిగా కనిపించినదానికి ఆ పేరు కట్టబెట్టాము.

మూడో సోమవారం ఫోను రాకముందే నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఈసారి తిన్నగా డేటాబేస్ యంత్రంలోకే వెళ్లి అదే పేరు, అదే పాస్‌వర్డుతో లాగిన్ అయ్యాను. అయింది. కౌంటరుకు ఫోను చేస్తే "లేదు సార్, ఇంకా అలాగే ఉంది" అన్నారు. ఇంకోసారి లాగిన్ అయ్యాను. అయింది. అక్కడ మాత్రం లేదు. నోటుపుస్తకంలో అరవయ్యో చీటీ రాస్తున్నారు. ఇరవై నిమిషాలు డిస్కు, మెమరీ, పోర్టు 3306, ఫైర్‌వాల్ నియమాలు అన్నీ తిరగేశాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఇక చేసేది లేక అప్లికేషన్ యంత్రానికి వెళ్లి, అక్కడి నుంచి లాగిన్ అయ్యాను. నేను ఇంకా ఏ క్వెరీ కూడా ఇవ్వలేదు, ఫోను మోగింది. "వచ్చింది సార్. ఏం చేశారు?"

నేను లాగిన్ అయ్యాను, అంతే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక కాసేపు అలాగే కూర్చున్నాను. మూడు సోమవారాల్లోనూ ఉమ్మడిగా ఉన్న పని అదొక్కటే. పాస్‌వర్డ్ మార్పు రెండో వారం మాత్రమే జరిగింది. నెట్‌వర్క్ ఈసారి తెగలేదని నేనే చూశాను. డేటాబేస్ యంత్రంలో లాగిన్ అయితే కుదరనిది, అప్లికేషన్ యంత్రంలో లాగిన్ అయితే కుదిరింది. రెండు చోట్లా పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే. మరి తేడా ఏమిటి? శనివారం రాత్రి నేర్చుకున్నదే జవాబు. ఖాతాలు వేరు. డేటాబేస్ యంత్రంలో నేను లోకల్‌హోస్ట్ ఖాతాని. అప్లికేషన్ యంత్రంలో అప్లికేషన్ వాడే అదే ఖాతాని. అంటే ఒక మనిషి ఒక ఖాతాతో లోపలికి వెళితే, ఆ ఖాతాకు సంబంధించినది ఏదో సర్వర్ గుర్తుపెట్టుకుంటోంది. ఆదివారం రాత్రి ఆగి మళ్లీ మొదలైనప్పుడు దాన్ని మరిచిపోతోంది.

అప్పుడు మాత్రమే అప్లికేషన్ లాగును నిదానంగా చదివాను. మొదటి రెండు వారాలు పైపైన చూసి వదిలేశాను. కనెక్షన్ దొరకలేదు, సమయం మించిపోయింది అనే వాక్యాలు వందల కొద్దీ ఉన్నాయి. మా అప్లికేషన్ జావాలో రాసినది. జావా ఎర్రర్ల వరుసలో అసలు కారణం అన్నిటికంటే అడుగున ఉంటుంది. అక్కడ ఒకే ఒక్క వాక్యం: పబ్లిక్ కీని తెచ్చుకోవడానికి అనుమతి లేదు. పబ్లిక్ కీ అంటే సర్వర్ అందరికీ ఇచ్చే తాళం, దానితో మూసినదాన్ని సర్వర్ ఒక్కటే తెరవగలదు. లాగు మొత్తం వెతికాను, 1045 ఎక్కడా లేదు. పాస్‌వర్డ్ తప్పని ఏ సోమవారమూ ఎవరూ అనలేదు. తెరమీద 'లాగిన్ విఫలమైంది' అనే మాట మేము రాసుకున్నది. లోపలి కారణం ఏదైనా పైన అదే చూపించేలా మా అప్లికేషనే తయారైంది. మూడు వారాలు మేము వెతికింది మా సొంత వాక్యం వెంట.

మైఎస్‌క్యూఎల్.యూజర్ పట్టిక తెరిచి ఆ ఖాతా వరుస చూశాను. పాస్‌వర్డును సరిచూసే పద్ధతి పేరు ఉండే ప్లగిన్ గడిలో కాషింగ్_షా2_పాస్‌వర్డ్ అని ఉంది. 5.7లో మా ఖాతాలన్నీ మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్ పద్ధతిలో ఉండేవి. 8.0లో కొత్తగా ఖాతా సృష్టిస్తే, ప్రత్యేకంగా చెప్పకపోతే, కొత్త పద్ధతే వస్తుంది. పాత సర్వర్‌నే ఉన్నచోట పైవెర్షన్‌కు తీసుకెళ్లి ఉంటే ఖాతాలు పాత పద్ధతిలోనే మిగిలేవి, ఈ లోపం మాకు కనిపించేదే కాదు.

పాత పద్ధతి పాస్‌వర్డును షా-1 అనే లెక్కతో రెండుసార్లు, వెనక్కి తిప్పలేని సంకేతంగా, అంటే హ్యాష్‌గా, మార్చి దాచుతుంది. ఒక నక్షత్రం గుర్తు, దాని వెంట 40 అక్షరాలు. ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఇద్దరి గడిలోనూ ఒకే వరుస కనిపిస్తుంది. ఆ పట్టిక దొంగచేతికి చిక్కితే ఊహించి పోల్చుకోవడం సులువు. కొత్త పద్ధతిలో ఆ గడి వేరేలా ఉంటుంది. డాలర్ గుర్తు, ఏ అక్షరం, మళ్లీ డాలర్, 005, మళ్లీ డాలర్. ఆ 005 అంటే 5000 చుట్లు. ఆ తరువాత 20 బైట్ల సాల్ట్, అంటే పాస్‌వర్డుకు కలిపే యాదృచ్ఛిక అక్షరాలు, ప్రతి ఖాతాకు వేరు. ఆపైన షా-256తో అన్ని చుట్లు తిప్పి తేల్చిన ఫలితం. ఊహించేవాడికి ఒక్కో ఊహ ఖరీదయ్యేలా కావాలనే దాన్ని నెమ్మదిగా చేశారు.

నెమ్మదైనదాన్ని ప్రతి లాగిన్‌కూ చేస్తే సర్వర్ మీద బరువు పడుతుంది. అందుకని ఒకసారి పూర్తి పరీక్ష నెగ్గిన ఖాతాకు, త్వరగా పోల్చుకోగల హ్యాష్ ఒకటి మెమరీలో ఉంచుకుంటుంది. ప్లగిన్ పేరులో కాషింగ్ అన్న మాట దీనికోసమే. రెండోసారి నుంచి పాస్‌వర్డ్ అసలు తీగ మీదికి రాదు, సవాలు–జవాబు పద్ధతిలో తేలిపోతుంది. మొదటిసారి మాత్రం అలా కుదరదు. 5000 చుట్లు తిప్పాలంటే అసలు పాస్‌వర్డే సర్వర్ చేతికి అందాలి. దాన్ని అందరికీ కనిపించేలా పంపకూడదు కనుక దారిలో ఎవరూ చదవలేకుండా సంకేతలిపిలో పంపే టీఎల్‌ఎస్ మార్గమైనా ఉండాలి, అదే యంత్రంలోని యునిక్స్ సాకెట్ అయినా కావాలి, లేదంటే సర్వర్ పబ్లిక్ కీతో పాస్‌వర్డును మూసి పంపాలి.

మా అప్లికేషన్ ఈ మూడింటిలో ఏదీ చేయడం లేదు. డేటాబేస్‌ను ఎలా కలవాలో చెప్పే కనెక్షన్ వాక్యంలో టీఎల్‌ఎస్ వద్దని రాసి ఉంది. పాత రోజుల్లో అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే జావా డ్రైవరు ప్రతి కనెక్షన్‌కూ, సర్వర్ తానెవరో రుజువు చేసే ధ్రువపత్రం గురించి ఒక హెచ్చరిక లాగులో రాస్తూ ఉండేది. లాగు నిండిపోతోందని ఎవరో ఆ గొడవ లేకుండా టీఎల్‌ఎస్‌నే ఆపేశారు. ఆ ఒక్క మాట వెర్షన్లు మారినా చెరగకుండా మిగిలిపోయింది. పబ్లిక్ కీని సర్వర్ నుంచి అడిగి తెచ్చుకోవడానికి డ్రైవరుకు అనుమతి ఇచ్చి లేదు. మేము చేతితో లాగిన్ అయిన కమాండ్ లైన్ సాధనం మాత్రం ఎవరూ చెప్పకుండానే టీఎల్‌ఎస్ వాడుతుంది. అది పూర్తి పరీక్ష నెగ్గగానే ఆ ఖాతా హ్యాష్ మెమరీలో చేరుతుంది, దాని వెనకే అప్లికేషన్ దగ్గరిదారిన లోపలికి వచ్చేస్తుంది. ఆదివారం రాత్రి సర్వర్ ఆగినప్పుడు మెమరీ ఖాళీ అవుతుంది.

ఇంకో సంగతి తెలిశాక సహోద్యోగి, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఖాతా పాస్‌వర్డ్ మారిస్తే దాని హ్యాష్ మెమరీలోంచి పోతుంది. ఫ్లష్ ప్రివిలెజెస్ ఇస్తే అన్ని ఖాతాలవీ పోతాయి. రెండో సోమవారం బాగుచేయడానికి మేము చేసిన రెండు పెద్ద పనులూ లోపాన్ని మళ్లీ పుట్టించేవే. గ్రాంట్, క్రియేట్ యూజర్, ఆల్టర్ యూజర్ వంటి ఖాతాల ఆదేశాలు ఇచ్చాక ఫ్లష్ ప్రివిలెజెస్ అవసరమే లేదు, అవి వెంటనే అమలవుతాయి. పట్టికలను నేరుగా మార్చినప్పుడే అది కావాలి. అయినా మాలో చాలామందికి అది దండం పెట్టుకున్నట్టు చివర్లో వేసే అలవాటు.

ఊహను నమ్మి ఆసుపత్రి సర్వర్ మీద చేయి వేయదలచుకోలేదు. మా కార్యాలయంలోని పరీక్షా యంత్రంలో అవే వెర్షన్లు, అదే కనెక్షన్ వాక్యం పెట్టాను. ఫ్లష్ ప్రివిలెజెస్ ఇచ్చి అప్లికేషన్ నడిపితే లాగిన్ విఫలం. కమాండ్ లైనులో ఒకసారి లాగిన్ అయి మళ్లీ నడిపితే సఫలం. మళ్లీ ఫ్లష్, మళ్లీ విఫలం. ఆ తరువాత కమాండ్ లైన్ సాధనంలోనే టీఎల్‌ఎస్ వద్దని చెప్పి ప్రయత్నించాను. 2061 అనే ఎర్రర్ వచ్చింది, భద్రమైన కనెక్షన్ కావాలని స్పష్టంగా అడిగింది. అయిదుసార్లు తిప్పి తిప్పి చేశాను. వారంలో ఏ రోజైనా, ఏ గంటకైనా, కోరినప్పుడు సోమవారాన్ని పిలవగలిగాను. మూడు వారాల్లో నాకు నిద్ర సరిగా పట్టిన రాత్రి అదే.

ఇక ఎలా సరిచేయాలన్నది. దారులు మూడున్నాయి. మా బృందంలో దీని మీద వాదన బాగానే జరిగింది.

ఖాతాను పాత పద్ధతికి మార్చేయడం ఒక్క వాక్యంలో అయ్యే పని. కానీ పాత పద్ధతికి 8.0.34లోనే వీడ్కోలు ప్రకటించారు. 8.4లో అది మామూలుగా ఆపేసి ఉంటుంది, 9.0లో పూర్తిగా తీసేశారు. పైగా టీఎల్‌ఎస్ లేని దారి అలాగే ఉండిపోతుంది.

రెండోది, పబ్లిక్ కీ తెచ్చుకోవడానికి డ్రైవరుకు అనుమతి ఇవ్వడం. కనెక్షన్ వాక్యంలో ఒక్క మాట చేర్చితే చాలు. ఎవరిని అడిగినా మొదట ఇచ్చే సలహా ఇదే. నేను ఒప్పుకోలేదు. కీ ఇస్తున్నది మా సర్వరేనని డ్రైవరుకు ఎలా తెలుస్తుంది? మధ్యలో ఎవరైనా కూర్చుని తన కీని ఇస్తే, మా పాస్‌వర్డును ఆ కీతో మూసి వాడి చేతికే అందిస్తాము. అందుకే ఆ అనుమతి మొదటినుంచీ లేకుండా ఉంటుంది.

ఈ వాదన నడుస్తుండగానే, సర్వర్ తన పనితీరు లెక్కలు ఉంచే పర్‌ఫార్మెన్స్ స్కీమాలో థ్రెడ్స్ పట్టిక చూశాను. ప్రతి కనెక్షన్ ఏ రకం దారిలో వచ్చిందో అందులో ఒక గడి చెబుతుంది. అప్లికేషన్ కనెక్షన్లు పది ఉంటే పదింటి ఎదుటా వట్టి టీసీపీ/ఐపీ అని ఉంది, అంటే టీఎల్‌ఎస్ లేని దారి. రోగి పేరు, వయసు, ఫోను నంబరు, ఏ బాధతో వచ్చారు, ఏ పరీక్ష రాశారు, అన్నీ ఆ భవనం తీగల మీద ఏ మరుగూ లేకుండా పారుతున్నాయి. పాత సర్వర్ మీద ఎన్నేళ్లు అలా పారాయో లెక్క లేదు. ఆ నెట్‌వర్కులోనే సందర్శకుల గదిలో టీవీ ఉంది, క్యాంటీన్ బిల్లింగ్ యంత్రం ఉంది. మేము మూడు వారాలు తిట్టుకున్న ఆ ఎర్రర్, ఈ దారిలో పాస్‌వర్డ్ పంపను అని మొరాయించిన ఒకే ఒక్క మాట. దాన్ని నోరు మూయించే సలహాకు ఇక మా బృందంలో ఎవరూ ఓటు వేయలేదు.

టీఎల్‌ఎస్ పెట్టడమే మిగిలింది. అనుకున్నంత కష్టం కాదు. సర్వర్ మొదటిసారి మొదలైనప్పుడు తనకు కావలసిన ధ్రువపత్రాలను తానే తయారుచేసుకుని డేటా ఫోల్డరులో పెట్టుకుంటుంది. పదేళ్లు చెల్లుతాయి. వాటికి సంతకం చేసిన సీఏ ధ్రువపత్రాన్ని అప్లికేషన్ యంత్రానికి తెచ్చి, జావా నమ్మే ధ్రువపత్రాలుండే ట్రస్ట్ స్టోరులో చేర్చాను. కనెక్షన్ వాక్యంలో టీఎల్‌ఎస్ వద్దన్న పాత మాటను తీసేసి, సీఏను సరిచూసే స్థాయి పెట్టాను. యంత్రం పేరును కూడా సరిచూసే ఇంకా కఠినమైన స్థాయి ఉంది గానీ, తనంతట తాను తయారైన ధ్రువపత్రంలో యంత్రం పేరు ఉండదు. ఆ స్థాయి పెడితే కనెక్షన్ కుదరదు. దానికి మన సొంత ధ్రువపత్రాలు చేసుకోవాలి. అది తరువాతి పనుల జాబితాలో రాసుకున్నాను. చివరగా ఆ ఖాతా టీఎల్‌ఎస్ లేకుండా వస్తే సర్వరే తిప్పి పంపేలా ఆల్టర్ యూజర్‌తో షరతు పెట్టాను. రేపు ఎవరైనా హెచ్చరిక విసుగనిపించి ఆ పాత మాటను మళ్లీ చేర్చితే, సోమవారం దాకా ఆగకుండా అప్పుడే తెలిసిపోతుంది.

అప్లికేషన్‌లో ఇంకో మార్పు చేయించాను. తెర మీద 'లాగిన్ విఫలమైంది' కింద అసలు ఎర్రర్ సంఖ్య కనిపిస్తుంది. ఫోను చేసినవారు ఆ సంఖ్య చదివి చెబితే చాలు. 1045 అంటే ఖాతా వరుస లేదా పాస్‌వర్డ్. 1130 అంటే ఆ యంత్రం చిరునామాకు చెల్లే ఖాతా అసలు లేదు.  సంఖ్య ఏదీ లేదంటే సర్వర్ దాకా చేరనే లేదు, లేదా డ్రైవరే వెనక్కి తిరిగింది, లాగు అడుగున చూడాలి.

ఈ మార్పులన్నీ పరీక్షించి ఆసుపత్రిలో పెట్టడానికి వారం పట్టేలా ఉంది. మధ్యలో వచ్చే సోమవారానికి ఏం చేయాలి? బ్యాకప్ ముగిశాక అప్లికేషన్ యంత్రం నుంచి ఆ ఖాతాతో ఒక్కసారి టీఎల్‌ఎస్‌లో లాగిన్ అయి వచ్చేసే చిన్న స్క్రిప్టు పెట్టాను. పనిచేసింది, ఆ సోమవారం ఫోను రాలేదు. అది ఊతకర్ర మాత్రమేనని దాని పైభాగంలోనే తీసేయవలసిన తేదీ వేసి రాసి ఉంచాను. ఇలాంటివి పనిచేస్తున్నాయి కదా అని వదిలేస్తే ఏళ్ల తరబడి ఉండిపోతాయి, ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు.

ఆ తరువాతి ఆదివారం రాత్రి కొత్త అమరిక పెట్టి, స్క్రిప్టును తీసేసి, బ్యాకప్ అయ్యేదాకా మేలుకున్నాను. పదకొండున్నర దాటాక సర్వర్ తిరిగి మొదలైంది. థ్రెడ్స్ పట్టిక అడిగాను. అప్లికేషన్ కనెక్షన్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. పదింటి ఎదుటా ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ అని ఉంది. చేతితో ఎవరూ లాగిన్ కాలేదు. అయినా నమ్మకం కోసం ఫ్లష్ ప్రివిలెజెస్ ఇచ్చి, అప్లికేషన్‌ను ఆపి మళ్లీ నడిపించాను. మళ్లీ పదీ వచ్చాయి.

పొద్దున ఏడు దాటింది. ఫోను మోగలేదు. ఏడూ ఇరవైకి నేనే కౌంటరుకు ఫోను చేశాను. వెనక ప్రింటర్ చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. "చీటీలు వస్తున్నాయి సార్, వరుస ఉంది, తరువాత మాట్లాడతాను" అని ఆమె పెట్టేశారు.